ఫ్రీలాన్స్ పేమెంట్లు: షరతులు ఎలా పెట్టాలి, ఆగిపోయిన డబ్బు ఎలా రాబట్టుకోవాలి

డిజైనర్లు, వీడియో ఎడిటర్లు, అనువాదకులు, కంటెంట్ రైటర్లు, వెబ్ డెవలపర్లు... ఎవరు అడిగినా ప్రశ్న దాదాపు ఒకటే. ‘‘పని ఇచ్చేసి మూడు నెలలైందండీ. మొదట్లో ఈ వారం వేస్తాం, వచ్చే వారం వేస్తాం అన్నారు. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. ఏం చేయాలి?’’

దీనికి జవాబు 8, 9, 10 భాగాల్లో ఉంది. అయితే అక్కడ చెప్పినవి పనిచేయాలంటే మీ చేతిలో కొన్ని కాగితాలు ఉండాలి, అవి పని మొదలుకాకముందే తయారవ్వాలి. కాబట్టి ఇప్పటికే బాకీ ఇరుక్కున్నవాళ్లు కూడా మొదటి నుంచి చదవండి. మీ దగ్గర ఏముందో, ఏది లేదో తేలుతుంది. చట్టాల గురించి ఇక్కడ రాసినవన్నీ మన దేశంలో ఉండి పనిచేసేవాళ్లకు వర్తించేవి.

1. పని రాకముందే సిద్ధం చేసుకోవలసినవి

అన్నిటికంటే ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకోండి. ఇంట్లో ఒక్కరే కూర్చుని లోగోలు గీసినా, సబ్‌టైటిల్స్ రాసినా, చట్టం దృష్టిలో మీది సేవలందించే సూక్ష్మ సంస్థ కావచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల రూపాయలు దాటని సంస్థలన్నీ ఈ కోవలోకి వస్తాయి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో మీ అంతట మీరే నమోదు చేసుకోవచ్చు. దీనికి ఫీజు లేదు. ఫీజు అడిగే సైటు ఏదైనా కనిపిస్తే అది ప్రైవేటు ఏజెంటుదే.

‘ఎప్పుడో అవసరమైతే చేద్దాంలే’ అనుకోకండి. ఆలస్యపు చెల్లింపులపై ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం) ఇచ్చే రక్షణ, రిజిస్ట్రేషన్‌కు ముందు ఇచ్చేసిన పనికి వర్తించదని 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రోజే చేయించుకుంటే రేపటి పనికి గొడుగు ఉంటుంది.

మిగతావి చిన్న పనులే:

☐ పని డబ్బు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా. ఇంటి ఖర్చులతో కలిస్తే ఎవరు ఎంత ఇచ్చారో వెతుక్కోవడమే పనవుతుంది.
☐ ఇన్‌వాయిస్‌లకు వరస నంబర్లు, ఆర్థిక సంవత్సరంతో సహా.
☐ వాట్సాప్ కాకుండా పనికంటూ ఒక ఈమెయిల్.
☐ ఒక స్ప్రెడ్‌షీట్: క్లయింట్ పేరు, ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, గడువు తేదీ, వచ్చింది, రావలసింది, చివరిసారి గుర్తు చేసిన తేదీ.

2. క్లయింట్ ఎవరో చూసుకోవడం

మీతో మాట్లాడే మనిషి వేరు, డబ్బు ఇవ్వాల్సిన సంస్థ వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో బ్రాండ్ పేరు ఒకటి ఉంటుంది, బిల్లు కట్టే కంపెనీ పేరు మరొకటి ఉంటుంది. గొడవ వచ్చినప్పుడు నోటీసు ఎవరి పేరు మీద పంపాలో తెలియక ఆగిపోయేవాళ్లు చాలామంది. కొటేషన్ ఇచ్చే రోజే ఇవి అడగండి:

☐ సంస్థ చట్టబద్ధమైన పూర్తి పేరు, చిరునామా, జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు)
☐ పని చూసి ఓకే చెప్పేది ఎవరు?
☐ బిల్లు పాస్ చేసేది ఎవరు? వారి ఈమెయిల్, ఫోన్
☐ వెండర్ రిజిస్ట్రేషన్ (వాళ్ల రికార్డుల్లో మీ పేరు నమోదు), పర్చేజ్ ఆర్డర్ (పని ఇస్తున్నట్టు రాసిచ్చే పత్రం) అవసరమా? అయితే పని మొదలుకాకముందే ఇస్తారా?
☐ మీ దగ్గర పేమెంట్లు నెలలో ఏ తేదీల్లో వేస్తారు?

జీఎస్టీఐఎన్ ఇచ్చాక జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతకొచ్చు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందా, రద్దయిందా అన్నది అక్కడే కనిపిస్తుంది. దాని కిందే రిటర్నులు ఏ నెల వరకు వేశారో పట్టిక ఉంటుంది, దాన్ని తప్పకుండా తెరవండి. ఆరు నెలలుగా రిటర్నులే వేయని సంస్థ మీ బిల్లు ఠంచనుగా కడుతుందని నమ్మడం కష్టం. అలాంటి చోట పని వద్దనక్కర్లేదు. అడ్వాన్స్ పెంచండి చాలు.

చివరి ప్రశ్నకు వచ్చే జవాబు కూడా జాగ్రత్తగా వినండి. ‘‘ప్రతి నెలా 10న, 25న వేస్తామండీ’’ అన్నవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. ‘‘అదేం టెన్షన్ పడకండి, చూసుకుందాం’’ అన్నవాళ్ల దగ్గర లేదు.

3. షరతుల్లో ఏం రాయాలి

ఇరవై పేజీల ఒప్పందం అక్కర్లేదు. ఒక పేజీ చాలు, కానీ అందులో ఈ ఎనిమిదీ ఉండాలి.

పని ఎంత: ‘సోషల్ మీడియా పని’ అని రాయకండి. ‘నెలకు 12 పోస్టులు, 4 రీల్స్, ఒక్కో రీల్ 45 సెకన్ల లోపు’ అని రాయండి. లెక్క లేని పనికి ముగింపు ఉండదు, ముగింపు లేని పనికి బిల్లు గడువూ ఉండదు.

మార్పులు ఎన్నిసార్లు: రెండుసార్లు ఉచితం, ఆపైన ఒక్కో విడతకు ఇంత.

మొత్తం, పన్నులు: జీఎస్టీ కలిపా, విడిగానా? టీడీఎస్ (క్లయింట్ ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పోను చేతికి ఎంత వస్తుందో మీరు ముందే లెక్క వేసుకోండి.

ఎప్పుడు ఎంత: ‘పని పూర్తయ్యాక’ అనే మాట వద్దు. పూర్తయిందని ఎవరు చెప్పాలి? ‘ఇన్‌వాయిస్ తేదీ నుంచి 15 రోజుల్లో’ అని రాస్తే ఆ సందేహమే రాదు.

అభ్యంతరాల గడువు: పని అందిన 7 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పకపోతే అంగీకరించినట్టే. చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉంది. పని అందిన 15 రోజుల్లోపు లిఖిత అభ్యంతరం రాకపోతే అంగీకరించినట్టు లెక్క.

ఆలస్యానికి వడ్డీ: నెలకు 1.5 శాతం లాంటి ఒక అంకె. నిజంగా వసూలు చేయకపోయినా, ఆ వాక్యం ఉంటే అకౌంట్స్ వాళ్లు మీ బిల్లును కట్ట అడుగున పెట్టరు.

మధ్యలో ఆగితే: క్లయింట్ పని రద్దు చేస్తే అప్పటిదాకా చేసిన పనికి చెల్లించాలి, అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు. ఒక విడత ఆగితే తర్వాతి విడత పని ఆగుతుంది.

హక్కులు: పూర్తి డబ్బు అందాకే కాపీరైట్ బదిలీ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫ్రీలాన్సర్ రాసిన రాతకు, చేసిన డిజైన్‌కు సాధారణంగా మొదటి యజమాని ఫ్రీలాన్సరే. హక్కులు బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలి. ఒక్క జాగ్రత్త: డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు, సినిమా కోవలోకి వచ్చే వీడియోలకు లెక్క తిరగబడుతుంది. వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారే యజమానులు. కాబట్టి ఫొటోగ్రాఫర్లు, వీడియోలు తీసేవాళ్లు ఈ వాక్యాన్ని అసలు వదలకూడదు.

ఈ కింది నమూనాను మీ అంకెలతో మార్చుకుని వాడుకోండి:

‘‘మొత్తం రూ. 60,000 (జీఎస్టీ వర్తిస్తే అదనం). పని మొదలుపెట్టే ముందు 40 శాతం, మొదటి డ్రాఫ్టు ఇచ్చాక 30 శాతం, ఫైనల్ ఫైల్స్ ఇచ్చే ముందు 30 శాతం. ప్రతి ఇన్‌వాయిస్ 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే నెలకు 1.5 శాతం వడ్డీ. డ్రాఫ్టు అందిన 7 రోజుల్లో అభ్యంతరాలు ఈమెయిల్‌లో తెలపాలి. లేకపోతే ఆమోదించినట్టు భావిస్తాం. పూర్తి చెల్లింపు అందిన తర్వాతే హక్కులు బదిలీ అవుతాయి. మా ఉద్యమ్ నంబరు: ____.’’

పెద్ద కంపెనీలు తమ ఒప్పందంలో 60 రోజులు, 90 రోజులు అని రాసుకొస్తాయి. ‘మా పాలసీ అంతేనండీ’ అంటాయి. ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006లోని 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా, పని అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటడానికి వీల్లేదు. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు. మర్యాదగా ఒక్క లైను రాయండి: ‘‘మాది ఉద్యమ్ నమోదిత సూక్ష్మ సంస్థ కాబట్టి గడువును 45 రోజులకు మార్చగలరు.’’ చాలాచోట్ల లీగల్ టీమ్ మారు మాట్లాడకుండా మార్చేస్తుంది, ఎందుకంటే వాళ్లకు ఈ చట్టం తెలుసు.

4. అడ్వాన్స్ ఎంత అడగాలి

మనవాళ్లు ఎక్కువగా మొహమాటపడేది ఇక్కడే. ‘మొదటిసారి పని ఇస్తున్నారు, అడ్వాన్స్ అడిగితే ఏమనుకుంటారో’ అని ఆగిపోతారు. అడ్వాన్స్ ఇవ్వడానికి ఇష్టపడని క్లయింట్ చివర్లో మొత్తం ఇవ్వడానికి ఇంకా తక్కువ ఇష్టపడతాడు. ఆ సంగతి పని చేశాక తెలుసుకోవడం కన్నా ముందే తెలుసుకోవడం మంచిది.

నా లెక్క ఇది. పది వేల లోపు పనికి మొత్తం ముందే తీసుకోండి. కొత్త క్లయింట్, ఒక నెలలోపు పని అయితే సగం ముందు, సగం ఫైనల్ ఫైల్స్‌కు ముందు. రెండు నెలలు దాటే పనైతే మూడు నాలుగు విడతలు చేయండి. ఏ సమయంలో చూసినా మీకు రావలసింది మొత్తంలో మూడో వంతు మించకూడదు. నెల నెలా జరిగే పనికి (రిటైనర్) నెల మొదట్లోనే బిల్లు వేయండి. నెలాఖరుకు వేస్తే రెండు నెలల పని ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది.

అడ్వాన్స్ ఖాతాలో పడే వరకు పని మొదలుపెట్టకండి. ‘‘రేపు వేసేస్తాం, మీరు కానివ్వండి’’ అంటే, ‘‘తప్పకుండా అండీ, అందగానే మొదలుపెడతాను. ఎల్లుండి లోపు వస్తే 20వ తేదీకి డ్రాఫ్టు ఇవ్వగలను’’ అనండి. కాదనలేదు, తేదీని వాళ్ల పేమెంటుకు ముడిపెట్టారు, అంతే.

5. ‘ఓకే’ రాతలో ఉండాలి

స్టాంపు పేపరు ఉంటే మంచిదే, లేకపోతే ఒప్పందమే కాదనుకోకండి. షరతులు ఈమెయిల్‌లో పంపి, ‘అంగీకరిస్తున్నాం’ అని జవాబు తెప్పించుకున్నా అది ఒప్పందమే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందాలు చెల్లుతాయని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం చెబుతోంది.

ఫోన్‌లో మాట్లాడుకున్నారా? ఆ సాయంత్రమే ఒక మెయిల్ పెట్టండి: ‘‘ఈ రోజు ఫోన్‌లో అనుకున్నవి ఇవీ... ఏదైనా తేడా ఉంటే చెప్పగలరు.’’ వాట్సాప్‌లో వచ్చిన ‘ఓకే’ కూడా సాక్ష్యమే, కానీ ఫోన్ మారినప్పుడు చాట్ పోతుంది. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి, స్క్రీన్‌షాట్లతోనే సరిపెట్టుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డులకు కోర్టులో 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ రికార్డు అసలైనదేనన్న ధ్రువీకరణ) జత చేయాల్సి రావచ్చు. అసలు ఫోన్, అసలు చాట్ ఉంటే ఆ పని సులువు.

6. ఇన్‌వాయిస్ తిరిగి రాకుండా వేయడం

అకౌంట్స్ వాళ్లు బిల్లు ఆపడానికి వాడే మొదటి సాకు ‘ఇన్‌వాయిస్‌లో తప్పు ఉంది’ అన్నది. అదీ వారం తర్వాత చెబుతారు. పంపే ముందు ఒకసారి చూసుకోండి:

☐ క్లయింట్ చట్టబద్ధమైన పేరు, చిరునామా, జీఎస్టీఐఎన్ అక్షరం పొల్లు పోకుండా
☐ పర్చేజ్ ఆర్డర్ నంబరు
☐ మీ పేరు, పాన్, ఉద్యమ్ నంబరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ
☐ ‘15 రోజుల్లో’ అని కాకుండా చెల్లించాల్సిన తేదీ, పెద్ద అక్షరాల్లో
☐ పని ఓకే చేసిన మనిషితో పాటు అకౌంట్స్ ఈమెయిల్‌కు కూడా కాపీ

సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటని, జీఎస్టీ తీసుకోని ఫ్రీలాన్సర్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. క్లయింట్ డబ్బు ఇవ్వకపోయినా, ఇన్‌వాయిస్ వేసినందుకు పన్ను మాత్రం మీరు కట్టాలి. కాబట్టి అడ్వాన్స్‌కు ముందు ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (పన్ను లెక్కలోకి రాని ముందస్తు బిల్లు) పంపి, డబ్బు వచ్చాక అసలు పత్రం ఇవ్వండి. అయితే పని అందించాక 30 రోజుల్లోపు ట్యాక్స్ ఇన్‌వాయిస్ వేయాల్సిందే.

‘అరవై వేలకు బిల్లు వేస్తే యాభై నాలుగు వేలే వేశారు’ అని కంగారుపడేవాళ్లు చాలామంది. అది టీడీఎస్. ఒకే క్లయింట్ నుంచి ఏడాదిలో వృత్తిపరమైన ఫీజు 50,000 దాటితే వాళ్లు 10 శాతం కోసుకుని ప్రభుత్వానికి కట్టాలి. కొన్ని రకాల పనులకు 1 లేదా 2 శాతమే. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. కోసిన డబ్బు మీదే, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. మీరు చేయాల్సిందల్లా మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను పోర్టల్‌లో అది మీ పాన్ మీద కనిపిస్తోందా అని చూసుకోవడం. కోసి, కట్టని క్లయింట్లు కూడా ఉంటారు. అది కూడా బాకీయే, అలాగే అడగండి.

7. పని అప్పగించే పద్ధతి

మీ చేతిలో ఉన్న అసలు బలం ఇంకా ఇవ్వని ఫైలు. దాన్ని మొహమాటానికి వదులుకోకండి.

డిజైన్ అయితే వాటర్‌మార్క్ వేసిన పీడీఎఫ్ చూపించండి. వీడియో అయితే తక్కువ రిజల్యూషన్‌లో, స్క్రీన్ మీద ‘డ్రాఫ్టు’ అని వేసి ఇవ్వండి. వెబ్‌సైట్ మీ స్టేజింగ్ సర్వర్ (పరీక్షించి చూడటానికి పెట్టుకున్న సర్వర్) మీదే చూపించండి. అనువాదం విడతలు విడతలుగా ఇవ్వండి. ఓపెన్ ఫైల్స్, సోర్స్ కోడ్, పాస్‌వర్డ్‌లు చివరి పేమెంటు వచ్చాక.

ఫెస్టివల్ క్యాంపెయిన్, సినిమా రిలీజ్ లాంటి అర్జెంటు పనుల్లో ‘‘ముందు ఫైలు పంపండి, సోమవారం డబ్బు వేస్తాం’’ అని ఒత్తిడి వస్తుంది. అప్పుడు కనీసం సగం వేయమనండి. యూపీఐలో పడటానికి పది సెకన్లు చాలు. పండగ పోస్టరు అర్జెంటు అయినప్పుడు దాని డబ్బు కూడా అర్జెంటే.

ఒక హెచ్చరిక. డబ్బు రాలేదని, అప్పగించేసిన సైటులోకి పాత పాస్‌వర్డ్‌తో దూరి దాన్ని ఆపేయడం, ఫైళ్లు తుడిచేయడం చేయకండి. అది ఐటీ చట్టం కింద నేరం, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. న్యాయం మీవైపు ఉన్న కేసు ఒక్క దెబ్బతో వాళ్ల వైపు తిరుగుతుంది.

8. గడువు దగ్గర పడ్డప్పటి నుంచి ఏ రోజు ఏం చేయాలి

గడువుకు 3 రోజుల ముందు మెయిల్: ‘‘నమస్తే ____ గారూ, ఇన్‌వాయిస్ నంబరు ____, రూ. 18,000, గడువు 15వ తేదీ. అకౌంట్స్ నుంచి ఇంకేమైనా పత్రాలు కావాలంటే ఇప్పుడే చెప్పగలరు.’’ ఇది వసూలు మెయిల్‌లా ఉండదు, కానీ సాకులన్నీ ముందే బయటపడతాయి.

గడువు దాటిన మర్నాడు అదే మెయిల్ థ్రెడ్‌లో రెండు లైన్లు: ‘‘నిన్నటితో గడువు ముగిసింది. ఏ తేదీన జమ అవుతుందో తెలపగలరు.’’ ‘ఎప్పుడు’ అని కాదు, ‘ఏ తేదీన’ అని అడగండి.

7వ రోజు ఫోన్ చేయండి. పని ఇచ్చిన మనిషికి కాకుండా అకౌంట్స్‌కు చేయండి. పని ఇచ్చిన మనిషికి చాలాసార్లు పేమెంట్ సంగతే తెలియదు. ఫోన్ పెట్టేశాక మాట్లాడినవి మెయిల్‌లో రాయండి.

15వ రోజు కొత్త పని ఆపండి. ‘‘పాత బిల్లు క్లియర్ అయ్యే వరకు కొత్త పోస్టులు షెడ్యూల్ చేయలేను’’ అని ముందు రోజే చెప్పి ఆపండి. పాత బాకీ పెట్టుకుని కొత్త పని చేయడం ఫ్రీలాన్సర్లు చేసే అతిపెద్ద పొరపాటు. బాకీ పెరిగే కొద్దీ క్లయింటుకు ముఖం చాటేయాలనిపిస్తుంది, మీకు వదులుకోవడం కష్టమవుతుంది.

30వ రోజు అధికారిక మెయిల్. సంస్థ యజమానికి లేదా డైరెక్టరుకు కూడా కాపీ పెట్టండి. ఇన్‌వాయిస్, ఒప్పుకున్న మెయిల్, పని అందించిన రుజువు జత చేయండి. వడ్డీ లెక్క చూపించి, చివరి తేదీ ఒకటి ఇవ్వండి.

45వ రోజు తర్వాత 10వ భాగం చూడండి.

రోజూ మెసేజ్ పెట్టడం వల్ల ఉపయోగం లేదు. చదవడం మానేస్తారు. చెప్పిన రోజున, చెప్పిన పని చేయండి.

9. సాకులు, వాటికి జవాబులు

‘‘డబ్బు పంపించేశాం, మీ బ్యాంకులోనే ప్రాబ్లం ఉంది.’’ యూటీఆర్ నంబరు (ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) అడగండి. నెఫ్ట్ అయితే 16, ఆర్‌టీజీఎస్ అయితే 22 అక్షరాలు, అంకెలు ఉంటాయి. యూపీఐ, ఐఎంపీఎస్‌లకు 12 అంకెలు. ఆ నంబరు లేకుండా బ్యాంకు నుంచి డబ్బు కదలదు. ‘ప్రాసెసింగ్‌లో ఉంది’ అన్న స్క్రీన్‌షాట్ పంపితే, దాంట్లో ఈ నంబరు ఉందో లేదో చూడండి. నంబరు ఇస్తే మీ బ్యాంకులో వెతికిస్తారు. ఇవ్వకపోతే డబ్బు పంపలేదని అర్థం.

‘‘మా క్లయింట్ మాకు ఇవ్వలేదు, రాగానే ఇస్తాం.’’ ఏజెన్సీల నోట ఎక్కువగా వినిపించే మాట. మీ ఒప్పందం ఏజెన్సీతో, వాళ్ల క్లయింటుతో కాదు. ఈ ఒక్క వాక్యం మెయిల్‌లో మర్యాదగా రాయండి.

‘‘క్వాలిటీ సరిగ్గా లేదు.’’ బిల్లు గడువు దాటాక మొదటిసారి వినిపిస్తే, పని అందిన తేదీ, ఓకే చెప్పిన మెసేజ్ చూపించండి. నిజంగా లోపం ఉంటే ఏది, ఎక్కడ అని రాతలో అడిగి, ఒకసారి సరిచేసి ఇవ్వండి. అది మీ బాధ్యత కూడా.

‘‘ఇబ్బందుల్లో ఉన్నాం బ్రో, కొంచెం చూసుకో.’’ ఇది నిజమే కావచ్చు. అప్పుడు విడతలకు ఒప్పుకోండి, కానీ మొత్తం బాకీ ఎంతో, ఏ తేదీన ఎంత ఇస్తారో వాళ్ల చేత రాయించి, సంతకం చేయించుకోండి. డబ్బు దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ లోపు బాకీ ఉందని సంతకంతో ఒప్పుకుంటే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. పోస్ట్-డేటెడ్ చెక్కులు ఇస్తే తీసుకోండి. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో లిఖిత నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే, తర్వాతి నెల రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. ఈ తేదీల్లో ఒక్కటి తప్పినా కేసు బలహీనపడుతుంది, కాబట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

10. మాటలు అయిపోయాక

మొదట చట్టం పేరు చెప్పి ఒక మెయిల్ పెట్టండి. అందులో ఇవి ఉండాలి. ఎంఎస్ఎంఈడీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం గడువు దాటిన రోజు నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ కట్టాలి. బ్యాంక్ రేటు 5.5 శాతం అనుకుంటే వడ్డీ 16.5 శాతం. అరవై వేల బాకీకి మూడు నెలలకు సుమారు 2,500 రూపాయలు. ఒప్పందంలో వడ్డీ మాట లేకపోయినా ఇది వర్తిస్తుంది.

అకౌంట్స్ వాళ్లు ఇంకా త్వరగా కదిలే విషయం పన్ను. సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టం చెప్పిన గడువులో చెల్లించకపోతే, ఆ ఖర్చును నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే చూపించుకోవాలి. 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన ఈ నిబంధనను 43బి(హెచ్) అని చార్టర్డ్ అకౌంటెంట్లందరూ గుర్తుపడతారు. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి, మెయిల్‌లో నంబరు కంటే విషయం రాయడమే మేలు. ఫిబ్రవరి, మార్చిలో ఈ మెయిల్‌కు వచ్చే స్పందనే వేరు. మీకు జీఎస్టీ ఉంటే ఇంకొకటి కలపండి: ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (మీ బిల్లులోని జీఎస్టీకి పొందిన తగ్గింపు) వడ్డీతో వెనక్కి కట్టాలి.

అయినా కదలకపోతే ఎంఎస్ఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు (సూక్ష్మ, చిన్న సంస్థల బాకీల వివాదాలు తేల్చే మండలి) ఫిర్యాదు. దీనికి కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ 2017లో సమాధాన్ పోర్టల్ పెట్టింది, 2025లో ఆన్‌లైన్ వివాద పరిష్కారానికి ఓడీఆర్ పోర్టల్ కూడా వచ్చింది. ఉద్యమ్ నంబరు, వర్క్ ఆర్డర్ లేదా ఒప్పుకున్న మెయిల్, ఇన్‌వాయిస్‌లు అప్‌లోడ్ చేయాలి. క్లయింట్ ముంబయిలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, మీరు విజయవాడలో ఉంటే ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కే, వరంగల్‌లో ఉంటే తెలంగాణ కౌన్సిల్‌కే వెళ్లొచ్చు. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు). చట్టం 90 రోజుల్లో తేల్చమంటుంది కానీ ఆచరణలో ఎక్కువే పడుతుంది. కౌన్సిల్ మీకు అనుకూలంగా అవార్డు (తీర్పు) ఇస్తే, దాన్ని సవాలు చేయాలంటే క్లయింట్ ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. నోటీసు చేరాక చాలామంది ఫోన్ చేసేది అందుకే.

ఉద్యమ్ లేనివాళ్లు న్యాయవాది ద్వారా లీగల్ నోటీసు పంపొచ్చు. ఆ తర్వాత సివిల్ కోర్టు. రాతపూర్వక ఒప్పందం, తేలిన మొత్తం ఉంటే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 37వ ఆర్డర్ కింద సమ్మరీ దావా వేయొచ్చేమో అడగండి, అది మామూలు దావా కన్నా త్వరగా నడుస్తుంది. ఊళ్లోనే ఉన్న షాపు యజమాని, చిన్న మొత్తం అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడగండి. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

సోషల్ మీడియాలో పేరు పెట్టి తిట్టడం, పోలీసులను తెస్తామని బెదిరించడం వద్దు. పరువునష్టం నోటీసు మీకే రావచ్చు, బాకీ అక్కడే ఉంటుంది.

11. విదేశీ క్లయింట్లు

మన కౌన్సిళ్లు, కోర్టుల ద్వారా వాళ్ల నుంచి రాబట్టడం చాలా కష్టం. కాబట్టి ఇక్కడ రక్షణ అంతా ముందే ఉండాలి. అప్‌వర్క్ లాంటి వేదికల మీద ఫిక్స్‌డ్ ప్రైస్ పని అయితే, మైల్‌స్టోన్ (విడత) డబ్బు ఎస్క్రోలో (పని అయ్యే వరకు వేదిక దగ్గర ఉంచే ఖాతాలో) పడ్డాకే మొదలుపెట్టండి. పని సబ్మిట్ చేశాక 14 రోజుల్లో క్లయింట్ ఏమీ అనకపోతే డబ్బు విడుదలవుతుంది. బయట నేరుగా చేస్తే సగానికి తగ్గకుండా అడ్వాన్స్. బ్యాంకు ఛార్జీలు, కరెన్సీ మార్పిడి ఎవరి ఖర్చో ఇన్‌వాయిస్‌లోనే రాయండి. బ్యాంకు ఇచ్చే విదేశీ జమ పత్రాన్ని ప్రతిసారీ దాచుకోండి. జీఎస్టీ ఉన్నవాళ్లు ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తామని ఇచ్చే హామీ పత్రం) వేసుకుంటే ఎగుమతి సేవలకు పన్ను కట్టకుండానే బిల్లు వేయొచ్చు.

12. డబ్బు వచ్చాక, ఆ క్లయింట్ మళ్లీ పిలిస్తే

బాకీ తీరగానే ‘అందింది, ధన్యవాదాలు’ అని మెయిల్ పెట్టి, స్ప్రెడ్‌షీట్‌లో ఎన్ని రోజులు ఆలస్యమైందో రాసుకోండి. మళ్లీ పని ఇస్తామంటే ఆ అంకె చూసి నిర్ణయించండి:

☐ 10 రోజుల లోపు ఆలస్యం, ముందే చెప్పారు: పాత షరతులే
☐ నెల వరకు, అడిగితే గానీ చెప్పలేదు: 70 శాతం అడ్వాన్స్
☐ నెల దాటింది, నోటీసు దాకా వెళ్లింది: మొత్తం ముందే, లేదా పని లేదు